పంపరపనస రసంలో వెల్లుల్లి రెబ్బ

నవంబరు 7, గురువారం

ఈ పూట నుంచి నేనొక నేరస్థుణ్ణి. నేరం – ఒక వెల్లుల్లి రెబ్బ. మిగతా పాయ దాచిన చోటు – నా షేవింగ్ కిట్.

కార్తీకం మొదలై ఆరు రోజులు. దొడ్డమ్మ నక్తాలు ఉంటోంది. పగలంతా మంచినీళ్ళు, సాయంత్రం చుక్క చూశాక ఒక్క పూట తిండి. నెల్లాళ్ళు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. తీరా చుక్క వచ్చాక రెండు ముద్దలు కెలికి లేచిపోతోంది. "సయించట్లేదురా బుజ్జీ." అమ్మ ఏం వండినా అంతే. ఇంట్లో బీటెక్ చదివి, ఇంటి నుంచే ఉద్యోగం వెలగబెడుతూ, రోజుకి మూడు గంటలు వంటల వీడియోలు చూసే మేధావి ఒకడున్నాడని అప్పుడు నాకే గుర్తొచ్చింది.

పెరట్లో పంపరపనస విరగకాసింది. శరత్కాలపు పండు. దాని రసంతో సలాడ్ మీదికి డ్రెస్సింగ్ చేసి అక్కగారి ప్రాణం నిలబెడతానని అమ్మ ముందు ప్రతిజ్ఞ.

సోమవారం – మొదటి ప్రయత్నం. తొనల మీది తెల్లపొర తీయకుండా మిక్సీలో వేసేశాను. దొడ్డమ్మ నాలిక చివర పెట్టి, "ఇది కాకరకాయేంట్రా?"

నిన్న – రెండో ప్రయత్నం. ఒక్కో తొనా ఒలిచి, ముత్యాలు విడదీసి, పిండి… ఆఫీసు మీటింగు మొత్తం కెమెరా ఆపేసి అదే పని. రసంలో చిక్కటి కొబ్బరిపాలు, బెల్లం, ఆవపిండి, మిరియాలు, ఉప్పు. సీసాలో పోసి గిలకొట్టాను. బానే ఉంది. బానే ఉందంతే. నా మొహం చూసి నాలుగు కీరా ముక్కలు తింది.

వీడియోల్లో మాత్రం అందరూ ఒకటే మాట – ఒక్క రెబ్బ వెల్లుల్లి, నేతిలో ఎర్రగా వేయించి, నూరి.

దొడ్డమ్మ ఊహ తెలిశాక వెల్లుల్లి నోట పెట్టలేదు. కార్తీకమనే కాదు, ఎప్పుడూ. నేనూ అమ్మా మిగతా నెలల్లో తింటాం, ఆవిడ గిన్నెలు వేరే. ఈ నెల వెల్లుల్లి అసలు గుమ్మంలోకే రాదు. వీధి చివర కొట్టాయన పొట్లం కడుతూ నా వైపు చూశాడు. "కార్తీకంలో మీ ఇంటికాండీ?" "పంటి నొప్పికండీ." "ఆయ్."

దొడ్డమ్మ గుడికి వెళ్ళగానే వేయించాను. కిటికీలు తెరిచాను. అగరొత్తులు నాలుగు.

సాయంత్రం… పళ్ళెం ఖాళీ. గిన్నె అడుగు వేలితో తుడుచుకుని నాకింది. నా జన్మలో ఆవిడ అలా తినడం చూడలేదు. "ఏం వేసేవురా? ఏదో కొత్త వాసన."

ఇక్కడ నోరు మూసుకుని ఉండాల్సింది. మూసుకోలేదు.

"సీమ ఆకు దొడ్డమ్మా. పిజ్జా మీద చల్లుతారు. తులసికి చుట్టం."

"తులసి జాతా!" కళ్ళకద్దుకుంది. పళ్ళేన్ని.

నవంబరు 8

మళ్ళీ తింది. రెండో వడ్డన అడిగింది. మొహంలో కళ వచ్చిందని అమ్మ సంతోషం. నన్ను చూసి "పనికొచ్చేవురా" అంది. ఇరవై నాలుగేళ్ళలో మొదటిసారి. ఆ మాట కోసమైనా రేపూ చేస్తాను… చీ.

నవంబరు 10, ఆదివారం

పక్కింటి విశాలాక్షిగారు వచ్చారు. ఆవిడవీ నక్తాలే. దొడ్డమ్మ ఆగుతుందా? "మా బుజ్జి చేసేడండీ, తులసి జాతి ఆకట, రుచి చూడండి." సాయంత్రం దాకా దాచుకుని తినమని చిన్న గిన్నెలో పోసి మూత పెట్టి ఇచ్చేసింది.

దీపాలు పెట్టాక ప్రహరీ మీద నుంచి పిలుపు. "బాబుగారూ!"

వెళ్ళాను. గిన్నె కడిగి తిరిగిచ్చారు. విశాలాక్షిగారింట్లో మిగతా పదకొండు నెలలూ వెల్లుల్లి కారం నూరని వారం ఉండదు. ప్రహరీకి ఇవతల నిలబడి ఆ వాసనతో అన్నం తిన్నవాణ్ణి నేనే.

"ఆకండీ?"

"ఆయ్. ఆకండీ."

"ఏ దేశందండీ?"

"ఇటలీ అండీ."

"ఓహో. అక్కడ బాగా పండుతుందాండీ." నవ్వలేదు. కోపమూ లేదు. నేను గిన్నె పట్టుకుని, ఏదో గొప్ప బహుమతి అందుకున్నవాడిలా నమస్కారం పెట్టి వచ్చేశాను. నమస్కారం ఎందుకు పెట్టానో తెలియదు.

నవంబరు 11, సోమవారం

అమ్మ ఇవాళ చెప్పింది. పూలు కడుతూ, మామూలుగా, ఊళ్ళో కరెంటు పోయిన సంగతి చెప్పినట్టు.

నిరుడు నాకు డెంగీ వచ్చి కాకినాడ ఆసుపత్రిలో పడున్నప్పుడు, ప్లేట్‌లెట్లు పడిపోయాయని డాక్టర్లు తల అడ్డంగా ఊపిన రోజు… దొడ్డమ్మ మొక్కుకుందట. పిల్లాడు లేచి తిరిగితే వచ్చే కార్తీకం నెల్లాళ్ళూ నక్తాలుంటానని.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నవ్వుతావని. నువ్వు దేనికి నవ్వవు కనక?"

నిజమే. నవ్వేవాణ్ణి.

అంటే ఆవిడ ఆకలి నాది. ఆ ఆకలి మీద నేను… ఇంక రాయలేను. చెయ్యి వాసన వస్తోంది. మూడుసార్లు సబ్బుతో కడిగాను.

నవంబరు 12

కొత్త సీసా. పంపరపనస, కొబ్బరిపాలు, బెల్లం, ఆవపిండి. వెల్లుల్లి లేదు. షేవింగ్ కిట్‌లోది తీసుకెళ్ళి కాలవలో పారేశాను. దూరంగా వెళ్ళి మరీ పారేశాను, శవం దాచే వాడిలా.

పాత సీసా సగం ఉంది. అదీ పారబోయాలి. పారబోయలేదు. ఫ్రిజ్‌లో మజ్జిగ గిన్నె వెనక దాచాను. కారణం రాయడానికి సిగ్గేస్తోంది, అయినా రాస్తాను – బాగుంది కనక. నేను చేసిన వాటిల్లో ఎవరైనా వేలితో తుడుచుకు తిన్నది అదొక్కటే.

నవంబరు 14

"మొన్నటి రుచి లేదురా. ఆ ఆకు అయిపోయిందేంటి?"

"అయిపోయింది దొడ్డమ్మా. ఆర్డరు పెట్టాలి."

మూడు ముక్కలు తిని లేచింది. నీరసంగా గోడ పట్టుకుని నడుస్తోంది. శొంఠి వేసి చూశాను, కొత్తిమీర వేసి చూశాను, ఉసిరికాయ తురిమి చూశాను. ఏదీ కాదు. నిజం చెబితే మొక్కు పోయింది, అబద్ధం కొనసాగిస్తే మొక్కు పోతూ ఉంటుంది, రెండూ మానేస్తే ఆవిడ తినదు. ఇంజనీరింగ్‌లో ఇలాంటి లెక్క ఒక్కటీ ఇవ్వలేదు.

నవంబరు 17, ఆదివారం

వనభోజనాలు. కాలవ అవతల కొబ్బరితోటలో, ఉసిరి చెట్టు కింద. మా వీధి వాళ్ళు నలభై మంది. నక్తాల వాళ్ళకి విడిగా సాయంత్రం చుక్క చూశాక పంక్తి. నా వంతు సలాడ్. పది కాయల రసం తీశాను, వేళ్ళు నానిపోయాయి. శుభ్రమైనది. నిష్కల్మషమైనది. పెద్ద సీసా. నేనే మోసుకెళ్ళి నేనే బల్ల మీద పెట్టాను. చాలా రోజుల తరవాత మనశ్శాంతిగా గారెలు తిన్నాను.

చుక్క పొడిచింది. ఆడవాళ్ళు పదిహేను మంది విస్తళ్ళ ముందు కూర్చున్నారు. దొడ్డమ్మ వడ్డిస్తానని పట్టుబట్టింది. చేతిలో చిన్న సీసా.

చిన్న సీసా.

"దొడ్డమ్మా, అది కాదు, ఇదీ–"

"నీ కొత్తది చప్పగా ఉందిరా. మజ్జిగ వెనక పాతది కనబడింది, పట్టుకొచ్చేను. నలుగురూ తినేది, రుచిగా ఉండద్దూ?"

కిందపడేయచ్చు. చెయ్యి తగిలినట్టు నటించి సీసా కిందపడేయచ్చు, ఒక్క క్షణం పని. కాలేజీలో స్కిట్లు వేసినవాణ్ణి. పెద్ద సీసా పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఆవిడ ఒక్కో విస్తట్లో ఒక్కో గరిటె వేస్తూ, "తులసి జాతి ఆకండీ. మా బుజ్జి చేసేడండీ" అని చెబుతూ… పదిహేను సార్లు. అందరూ మెచ్చుకున్నారు. ఒకావిడ నా నెత్తిన చెయ్యి పెట్టి, "నీలాంటి కొడుకు అందరికీ ఉండాలి నాయనా" అన్నారు.

విశాలాక్షిగారు చెయ్యి అడ్డం పెట్టారు. "నాకు పులుపు పడదండీ."

"మొన్న పట్టుకెళ్ళేరు కదండీ?"

"అందుకే తెలిసిందండీ."

నా వైపు చూడలేదు. చూసినా బావుండేది.

నవంబరు 18, సోమవారం

అమ్మకి చెప్పేశాను. వంటింట్లో, పీట మీద కూర్చుని, తల దించుకుని. మొదట జోకులా మొదలుపెట్టాను. అలవాటు. "అమ్మా, ఒక చిన్న అంతర్జాతీయ కుట్ర…" ఆ తరవాత జోకు లేకుండా మొత్తం చెప్పాను.

అమ్మ చేతిలో అట్లకాడ అలాగే ఉండిపోయింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. తిడితే తేలిపోయేది.

"ఆవిడకి చెప్పేవా?"

"చెబుదామని–"

"నోర్మూసుకో. చెప్పేవంటే ఇదంతా లెక్కలోకి రాదని వచ్చే కార్తీకం మళ్ళీ మొదట్నించీ ఉంటుంది. ఆ ఒంట్లో ఇంకో నెల ఉపవాసానికి ఓపికుందేంట్రా?"

"మరి ఆ పాపం…"

"తెలీక తిన్నదానికి ఆవిడకేం లేదు. తెలిసి పెట్టింది నువ్వు. నువ్వే మొయ్యి."

అట్టు మాడిపోయింది. ఇద్దరం చూస్తూనే ఉన్నాం.

నవంబరు 19

విశాలాక్షిగారు గేటు దగ్గర కనబడ్డారు. రోడ్డు దాటి అవతలి పక్కకి వెళ్ళాను. మా ఇల్లు ఇవతలి పక్క.

నవంబరు 23

పాత సీసా అడుగున మిగిలింది అమ్మ పారబోసింది. సీసాతో సహా. దొడ్డమ్మ రోజూ అడుగుతోంది, ఆర్డరు వచ్చిందా అని. ఇంకా రాలేదంటున్నాను. ప్రతి రోజూ ఒక కొత్త అబద్ధం, పాతదానికి కాపలా. "పోనీలే, నువ్వు చేసేవని తింటున్నాను" అంటూ చప్పటిదే తింటోంది. సగం పళ్ళెం. రుచి కోసం కాదు. నా కోసం.

నవంబరు 27

ఇవాళ గట్టిగా నిశ్చయించుకుని దొడ్డమ్మ గదిలోకి వెళ్ళాను. జపం చేసుకుంటోంది. కళ్ళు తెరిచి, "ఏంరా, మొహం అలా ఉంది? ఒళ్ళు వెచ్చగా ఉందేంటి?" అని నుదుటి మీద చెయ్యి పెట్టింది. నిరుడు ఆసుపత్రిలో పెట్టినట్టే. "దోమలు ఎక్కువగా ఉన్నాయి, తెర కట్టుకో" అంది.

కట్టుకున్నాను.

డిసెంబరు 2, సోమవారం

నెల అయిపోయింది. తెల్లారకుండానే కాలవ దగ్గరికి. అరటి దొప్పలో ముప్ఫై వత్తులు. రేవు మెట్లు పాకుడు పట్టి ఉన్నాయి, దొడ్డమ్మ నా భుజం పట్టుకుని దిగింది. ఎంత తేలికైపోయిందో. భుజం మీద పిట్ట వాలినట్టుంది.

దొప్ప నీళ్ళలో వదిలాక చేతులు జోడించి చాలాసేపు నిలబడింది. తరవాత నా వైపు తిరిగి –

"దేవుడు ఏ లోపం రాకుండా దాటించేసేడురా. ఇంక నీకేం భయం లేదు."

నీకు. ముప్ఫై రోజులు తిండి మానుకుంది ఆవిడ, భయం లేనిది నాకు.

అమ్మ మాట గుర్తుంది. నువ్వే మొయ్యి. మోద్దామనే అనుకున్నాను, పేజీ మీద ఒట్టు. కానీ ఆవిడ ఆ మాట నమ్మి, నమ్మకంగా నవ్వుతుంటే… నోట్లోంచి వచ్చేసింది.

"దొడ్డమ్మా, నీకో మాట చెప్పాలి."

"ఇక్కడొద్దు. జారుడుగా ఉంది. ఇంటికెళ్ళేక చెబుదువుగాని."

వచ్చాం. ఇవాళ పొద్దున్నే కాఫీ తాగింది, నెల్లాళ్ళ తరవాత. నేను గదిలోకొచ్చి తలుపు దగ్గరగా వేసుకున్నాను. ఏం చెప్పాలో కాగితం మీద తేల్చుకుందామని. చెబితే వచ్చే కార్తీకం ఆవిడ మళ్ళీ ఆకలితో ఉంటుంది, అదీ నా వల్లే. చెప్పకపోతే ఆ "ఏ లోపం రాకుండా" అన్న మాట ప్రతి రోజూ భోజనాల దగ్గర నా ఎదురుగా కూర్చుంటుంది.

హాల్లోంచి పిలుస్తోంది. "ఏదో చెబుతానన్నావు కదురా. ఇలా రా."

వంటింట్లో అమ్మ గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

వస్తున్నా అన్నాను.

మళ్ళీ పిలిచింది. ఇంకా రాస్తూనే ఉన్నాను.