డబ్బాల ఉండిపోయిన రీలు

పత్తర్‌గట్టి,
మార్చి 3

ప్రియమైన రాజమణీ,

ఫోన్ల నా నంబరు బ్లాక్ చేసినవు, అందుకే ఉత్తరం. నువ్వు సిద్దిపేట పోయి ఆరేండ్లాయె.

నిన్న టీవీల మన సిన్మా వచ్చింది. గదే, పెండ్లికి ముందు నయాపూల్ అవతల హాల్ల మార్నింగ్ షో చూసిన పాత ఇంగ్లీషు సిన్మా. మొగుడు ఉపన్యాసాలిస్తనే ఉంటడు, ఆమె సూట్‌కేసు పట్టుకొని రైలెక్కుతది. తెర తెల్లగైతది. గదే ముగింపనుకొని ‘తిరిగిరాని స్త్రీ’ అని ఇరవై పేజీల వ్యాసం రాసిన. ముప్పై ఏండ్లు సభలల్ల చదివిన. నువ్వు పోయేనాడు "రాసినవు గదా, నేను చేసి చూపిస్తున్న" అంటివి.

సిన్మా అక్కడ అయిపోలేదు! ఇంకో రీలున్నది. మ్యాట్నీకి టైమైతుందని హాలు ఓనరు దాన్ని ప్రొజెక్టర్‌కు ఎక్కియ్యనియ్యనట్టున్నది. టికెట్ల కోసం కథనే కోసిండు. పెట్టుబడిదారీ అంటే ఇదే! అంతకన్నా అన్యాయం, ఆమె తర్వాతి స్టేషన్ల దిగి వాపస్ వస్తది. హాలీవుడ్ బుద్ధి చూసినవా? ఆమె గడప తొక్కంగనే టీవీ బంద్ చేసిన.

తర్వాత ఏమనిపించలేదు. అన్నం చల్లగైంది. తిన్న.

ఇరవై ఒకటిన మళ్ల వేస్తరంట. వాపస్ వచ్చుడు తప్పే. అయినా చూడు.

నీ
ఆనందరావు

సిద్దిపేట,
మార్చి 9

ప్రియమైన ఆనంద్,

ఆఖరి రీలు సంగతి నాకు గప్పుడే తెలుసు.

ఆనాడు సీట్ల చున్నీ మర్చిపోయి లోపలికి పోయిన. ఆపరేటర్ ప్రేమ్‌రాజన్న డబ్బాలు పట్టుకొని మెట్లు దిగుతున్నడు. "గింతేనా అన్నా?" అన్న. "ఇంకోటి ఉన్నది బిడ్డా, డబ్బాల. ఆమె వాపస్ వస్తది" అన్నడు.

నీకు చెప్దామని ఉరికొచ్చిన. నువ్వు నయాపూల్ నుంచి చార్మినార్ దాక మాట్లాడుతనే ఉన్నవు. ఊపిరి తీసుకున్నప్పుడు చెప్దామనుకున్న. తీసుకోలే. తర్వాత వ్యాసం అచ్చయింది. ఇగ నాకే చెప్పబుద్ధి కాలే. నీ సభలకొచ్చినోళ్లకు చాయ్ పోసుకుంట ఉన్న.

పోయేనాడు నీ వ్యాసం మాట కోపంల ఎత్తిన. నిజానికి నన్నేం చెప్పనియ్యవని పోయిన.

రాజమణి

పత్తర్‌గట్టి,
మార్చి 14

ప్రియమైన రాజమణీ,

జవాబుగ నాలుగు పేజీలు రాసిన. ఒక్క పేజీల కూడ నువ్వు లేవు. చింపిన.

ఏడుపొస్తదేమో అనుకున్న, రాలే. కిటికీల నుంచి గాజుల దుకాణం దిక్కు చూసుకుంట కూసున్న.

సిన్మాల ఆమె వచ్చింది గదా. నువ్వు వస్తవా?

ఆనందరావు

సిద్దిపేట,
మార్చి 22

ప్రియమైన ఆనంద్,

నిన్న చూసిన, ఆఖరి దాక. నువ్వు టీవీ బంద్ చేసి ఈసారి కూడ ముందే లేచినవు. ఈసారి ఏ ఓనరు కోసిండు?

ఆమె వచ్చింది పిల్లి కోసం. దాన్ని చంకల పెట్టుకొని మళ్ల బయటికి పోయింది. మొగుడు నోరు తెరిచిండు, మాట రాలే. గప్పుడు అయిపోయింది సిన్మా.

నాకు పిల్లి లేదు. నీ ఇంట్ల నా కుట్టుమిషన్ ఉన్నది. ఇరవై తొమ్మిదిన బస్సు దిగి ఆటో మాట్లాడుకొని వస్తున్న. తలుపు దగ్గర పెట్టు.

రాజమణి

పత్తర్‌గట్టి,
మార్చి 25

ప్రియమైన రాజమణీ,

మిషన్ తలుపు దగ్గర పెట్టిన. దుమ్ము తుడిచి నూనె పోసిన.

ఆటోను కొంచెం సేపు ఆగమను. చాయ్ నేను పోస్త. నువ్వు చెప్పు.

ఆనంద్