ఆఫీసరమ్మ అడుగుతోంది

శ్రీవారికి,

నమస్కారాలు. ఇక్కడ నేను క్షేమం. మీరూ క్షేమమేనని మొన్న ఆదివారం ఫోన్‌లో "ఊ" అన్నారు కాబట్టి ఆ సంగతి మళ్ళీ అడగడం లేదు.

పెళ్ళయిన ఎనిమిదేళ్ళలో మీకు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. కంగారు పడకండి, ఒంట్లో బాగానే ఉంది. మిమ్మల్ని ఈ దేశానికి రప్పించుకోవడానికి పెట్టిన దరఖాస్తు గురించి నిన్న పర్మిట్ ఆఫీసుకి పిలిచారు. పొద్దున్నే వెళ్ళి టోకెన్ తీసుకుని, నేలకి బోల్టులు వేసి బిగించిన కుర్చీలో మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. అద్దం వెనకున్న ఆఫీసరమ్మ మన పెళ్ళి ఫొటో చాలాసేపు చూసింది. అందులో మనిద్దరి మధ్య ఇంకో మనిషి పట్టేంత చోటుంది. పైగా మీరు కరెంటు బిల్లు కట్టే క్యూలో నిలబడ్డట్టు నిలబడ్డారు. "మీరిద్దరూ నిజంగా భార్యాభర్తలేనా?" అని అడిగింది. కాగితాల కోసం పెళ్ళయినట్టు నటించేవాళ్ళు చాలామంది వస్తారట.

రుజువుగా ఉత్తరాలు కావాలట, ఒకరికొకరు రాసుకున్నవి. మేం ఫోన్‌లో మాట్లాడుకుంటామని చెప్పాను. ఏం మాట్లాడుకుంటారని అడిగింది. "తిన్నావా, తిన్నాను, సరే ఉంటా" అన్నదాన్ని రుజువుగా ఎలా చూపించను? మూడు నెలల్లో ఇవ్వకపోతే ఫైలు మూసేస్తారు. మళ్ళీ దరఖాస్తు పెట్టాలంటే రెండేళ్ళు ఆగాలి. ఇప్పటికే మిమ్మల్ని చూసి పంతొమ్మిది నెలలైంది.

కాబట్టి ఉత్తరం రాయండి. ఇక్కడ తర్జుమా చేయించి ఇస్తాను. మోటార్లకి రాగితీగ చుట్టేటప్పుడు మీకు ఎంత ఓపికో నాకు తెలుసు. అందులో సగం చూపిస్తే చాలు.

మీ భార్య

తా.క.: "ప్రియమైన" అని మొదలుపెట్టండి. ఆ మాట రాసినందువల్ల ఇంతవరకూ ఎవరికీ ఏమీ కాలేదు.

*

ప్రియమైన (నువ్వు చెప్పినట్టే) భార్యకు,

విషయం: నాకు నీ మీద ప్రేమ ఉన్నట్లు ధ్రువీకరించుట గురించి.

పై విషయమై తెలియజేయునది ఏమనగా, మోటార్ వైండింగ్ షాపు యజమానినైన నేను, ఎనిమిది సంవత్సరముల క్రితం నిన్ను వివాహమాడి, నాటి నుండి నేటి వరకు ఎటువంటి అంతరాయం లేకుండా ప్రేమ కలిగి ఉన్నాను. మధ్యలో రెండుసార్లు మనకు మాటలు లేని మాట వాస్తవమే. మొదటిది మూడు రోజులు, రెండవది మీ అన్నయ్య వచ్చి వెళ్ళేవరకు మాత్రమే. పై వివరములు నాకు తెలిసినంతవరకు సత్యమని, ఏదైనా తప్పని తేలినచో చట్టప్రకారం చర్యకు బాధ్యుడనని ఇందుమూలముగా తెలియజేస్తున్నాను.

కావున తమరు దయతో స్వీకరించగలరు.

ఇట్లు,
తమ విధేయుడైన భర్త
(షాపు ముద్ర)

తా.క.: పనికొస్తుందని ఇద్దరు సాక్షుల చేత సంతకాలు పెట్టించాను. ఒకరు మా అక్క. రెండో ఆయన ఎదురు సైకిల్ షాపు ఆయన. నిన్నెప్పుడూ సరిగ్గా చూడలేదట. అయినా నా మొహం చూసి పెట్టాడు.

*

శ్రీవారికి,

నమస్కారాలు. మీ దరఖాస్తు అందింది.

తర్జుమా చేసే పెద్దాయన అది చదువుతూ నాలుగుసార్లు కళ్ళజోడు తుడుచుకున్నాడు. నవ్వు ఆపుకోవడానికని తర్వాత తెలిసింది. ఆఫీసరమ్మ మాత్రం నవ్వలేదు. ఇది రాసింది భర్తా, ఇంటి ఓనరా అని అడిగింది.

అంతకన్నా పెద్ద చిక్కు నేను మీకు రాసిన ఉత్తరం నకలుతో వచ్చింది. అందులో మీ పేరు ఎక్కడా లేదు. ఈ శ్రీవారు ఎవరని అడిగింది. మా ఆయనే అన్నాను. ఫారంలో ఆ పేరు లేదే అంది. మరి ఇంట్లో ఏమని పిలుస్తావంటే "ఏమండీ" అంటానని చెప్పాను. అదీ రాసుకుంది. వదినగారితో "మీ తమ్ముడు" అంటానని, షాపుకొచ్చిన వాళ్ళతో "మా ఇంటాయన" అంటానని కూడా నిజాయితీగా చెప్పేశాను. మొత్తం నలుగురు మగవాళ్ళు తేలారు. ఒక్కరి పేరూ ఫారంలో లేదు. చివరికి మీ పేరు నోటితో చెప్పమంది. ఎనిమిదేళ్ళలో ఎప్పుడైనా అన్నానా? నోట్లోంచి రాలేదు. కాగితం మీద రాసి అద్దానికి ఆనించి చూపించాను. మొగుడి పేరు చెప్పలేని పెళ్ళాన్ని ఆవిడ మొదటిసారి చూసినట్టుంది. అనుమానం ఇంకాస్త ముదిరింది.

అసలు ఇక్కడ నా పేరే నాకు మిగల్లేదు. కార్డు మీద ఇంటిపేరు ముందు వేశారు. లాబ్‌లో అందరూ దాంతోనే పిలుస్తారు. మొదట్లో ఆ పిలుపు వినగానే మీ నాన్నగారు వచ్చారేమోనని లేచి నిలబడేదాన్ని. రోజంతా కట్టుడుపళ్ళ సెట్లు తయారుచేస్తాను. ఎవరెవరి నవ్వులో బల్ల మీద వరసగా పెట్టుకుని పాలిష్ చేస్తుంటాను. పక్క బల్ల ఆవిడ మంచిదే, టీ తెచ్చిపెడుతుంది. ఇద్దరికీ ఉమ్మడిగా వచ్చిన మాటలు ఇరవైకి మించవు, అందులో పది పళ్ళ పేర్లు. నన్ను "ఏమే" అనేవాళ్ళు ఈ ఊళ్ళో ఒక్కరూ లేరు. అది లేకపోతే ఇంత వెలితిగా ఉంటుందని అనుకోలేదు.

ఈసారి మనసులో మాట రాయండి. సాక్షులు వద్దు.

మీ భార్య

తా.క.: ముద్ర అసలే వద్దు.

*

ఓ నా హృదయసామ్రాజ్య పట్టమహిషీ,

పూర్ణచంద్రుని పరిహసించు నీ వదనారవిందమును గాంచక, కలువల వంటి నీ కన్నుల కాంతి సోకక, ఈ గృహము వసంతమెరుగని వనమైనది. రాజహంసను తలపించు నీ నడకను తలచి తలచి, విరహాగ్నిలో దహించుకుపోవుచున్న నన్ను నీ అధర

(ఇక్కడ పంతులుగారి భార్య తొంగిచూసినందువల్ల వాక్యం ఆగిపోయింది.)

ఇట్లు,
విరహి

తా.క.: పైదంతా పక్కవీధి తెలుగు పంతులుగారు చెబుతుంటే రాశాను. సగం మాటలకు నాకు అర్థం తెలియదు. తప్పుగా ఏమైనా ఉంటే ఏమీ అనుకోకు.

ఇంకో తా.క.: నీ చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి. అక్క వచ్చినప్పుడల్లా లోపల పెట్టేయమంటోంది. ఇంట్లో ఆడమనిషి ఉందనుకుని దొంగలు రారని చెప్పాను. అసలు సంగతి అది కాదు. సాయంత్రం షాపు కట్టేసి వచ్చేసరికి అవి కనిపిస్తే, నువ్వు లోపల ఉన్నావని ఒక్క క్షణం అనిపిస్తుంది. తర్వాత జేబులోంచి తాళంచెవి తీయాల్సి వస్తుంది.

*

శ్రీవారికి,

పట్టమహిషి నమస్కారాలు.

రాజహంస దగ్గర ఆఫీసరమ్మ ఆగింది. మీ ఆయన మీ నడకని పక్షితో పోల్చారు, కాలికి ఏమైనా ఇబ్బంది ఉంటే డాక్టరు కాగితం జతచేయాలి అంది. లేచి కౌంటరు ముందు అటూ ఇటూ నాలుగడుగులు వేసి చూపించాల్సి వచ్చింది. క్యూలో ఉన్నవాళ్ళందరూ చూశారు.

తర్వాత ఆవిడ తా.క. చదివింది, చెప్పుల సంగతి. మళ్ళీ మొదటి నుంచి చదివింది. కాగితం ఫైల్లో పెట్టి, మొహం పక్కకి తిప్పుకుని మంచినీళ్ళు తాగింది. నేను గదికొచ్చి మంచం మీద కూర్చుని నా నకలు పదిసార్లు చదువుకున్నాను. ఆ చెప్పులు తీయకండి.

అయితే ఆవిడకి ఇంకా అనుమానాలు పూర్తిగా తీరలేదట. ఒక్కొక్కటీ అడుగుతుందట. పంతులుగారి సాయం లేకుండా మీరే రాయాలి. వీటి గురించి ఫోన్‌లో ఒక్క ముక్క మాట్లాడకూడదట, ముందే కూడబలుక్కున్నారనే అనుమానం వస్తుందట.

ఇదీ ప్రశ్న. నేను బయల్దేరిన రోజు ఎయిర్‌పోర్టులో అద్దం తలుపు దాటాక వెనక్కి చూశాను. మీరు అప్పటికే నడిచి వెళ్ళిపోతున్నారు. మీ చొక్కా వీపు కనిపించినంతసేపూ చూశాను. ఒక్కసారీ తిరగలేదు. ఎందుకని ఆఫీసరమ్మ అడుగుతోంది.

మీ భార్య

తా.క.: అడిగింది ఆవిడే. నాకైతే అదేమంత పట్టింపు లేదు.

*

గౌరవనీయులైన ఆఫీసరమ్మగారికి,

నమస్కారం. మా ఆవిడ చేత అడిగించారు కాబట్టి మీకే నేరుగా రాస్తున్నాను. నాకూ ఇలాంటివి మీతో చెప్పడమే తేలిక.

ఆవేళ సంచీ భుజానికి తగిలించుకుని "వెళ్ళనా?" అంది. "ఊ" అన్నాను. ఈ ఉద్యోగం కోసం ఆవిడ రెండేళ్ళు చదివింది. వంటింట్లో పుస్తకం ఆనించుకుని చదివేది. నా కళ్ళలో నీళ్ళు చూస్తే ప్రయాణం మానేసి ఇంటికి వచ్చేస్తుంది. నాకేమో, మానేస్తే బాగుండునని ఉంది. తిరిగి చూస్తే ఆ మాట మొహం మీదే కనిపించేస్తుందని తిరగలేదు.

నేను ఇంటికి వెళ్ళిపోయాననుకుంటోంది. వెళ్ళలేదు. బయట పార్కింగ్ దగ్గర స్తంభం పక్కన నిలబడ్డాను. ఆవిడ ఎక్కిన విమానం ఏదో తెలియదు. అందుకని మూడు విమానాలకి చెయ్యి ఊపాను. నాలుగోదానికి కూడా ఊపేవాణ్ణే గాని, అది దిగుతోందని పక్కనున్న టాక్సీ డ్రైవరు చెప్పాడు.

ఇట్లు,
తమ ఫైలులోని భర్త

తా.క.: దయచేసి ఇది మా ఆవిడకి చూపించకండి. ముఖ్యంగా మూడు విమానాల సంగతి.

*

శ్రీవారికి,

నమస్కారాలు. మీరు ఆఫీసరమ్మకి రాసినదాన్ని కవరు కూడా చింపకుండా ఇచ్చేశాను. అందులో విమానాలు ఎన్నో నాకు తెలియదు.

ఇల్లు మారాను. పాత గదిలో మంచానికీ గోడకీ మధ్య పక్కకి తిరిగి నడవాలి. ఇది ఒక పెద్ద గది, వంటిల్లు, వీధివైపు కిటికీ. మూడో అంతస్తు. ఊరికే, వెలుతురు బాగుందని తీసుకున్నాను. కుర్చీలు రెండొచ్చాయి. ఒక్కటే అమ్మరట.

ఆఫీసరమ్మ ఆఖరి ప్రశ్న అడిగింది. ఆవిడ మాటల్ని సరిగ్గా పెట్టాలని రాయడానికి రెండు రోజులు తీసుకున్నాను. మీ ఆయనకి తనంతట తనకి రావాలని ఉందా, పెళ్ళాం రమ్మంది కదా అని వస్తున్నాడా అని అడుగుతోంది. అక్కడ సొంత షాపుంది. వీధి చివరి నుంచి పేరు పెట్టి పిలిచేవాళ్ళున్నారు. ఇక్కడ ఆయన కార్డు మీద "భార్యపై ఆధారపడిన వ్యక్తి" అని అచ్చు వేస్తారు. కొన్నాళ్ళు పని దొరకదు. ఉప్పు కొనడానికి కూడా వేలు పెట్టి చూపించాలి. నాకిప్పటికీ కొన్ని రోజులు నేనెవరో నాకే అర్థం కాదు, ఆయన్ని కూడా దీంట్లోకి లాగుతున్నానా అని అడుగుతోంది. ఆవిడే. దరఖాస్తు మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఆయన "సరే" అంటున్నారు గాని "వస్తాను" అన్నది ఒక్కసారీ వినలేదట.

ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పేయమంటోంది. ఏమీ అనుకోదట.

మీ భార్య

తా.క.: కొంచెం అనుకుంటుందేమో.

*

ఏమే,

ఇక్కడ నేను, అక్క, బావ అందరం బాగున్నాం. ఈ ఉత్తరం ఆఫీసరమ్మకి కాదు, నీకే. ఆవిణ్ణి ఇక వదిలేద్దాం, పాపం వేరే ఫైళ్ళు ఉంటాయి.

పర్మిట్ ఆఫీసు నుంచి నాకొక కాగితం వచ్చి నెల దాటింది. దరఖాస్తులో నా పేరు కూడా ఉంది కాబట్టి ఒక నకలు ఇటూ పంపారు. ఫోన్ కెమెరా పెట్టి చూస్తే "అభినందనలు, మీ భార్య మీకు మంజూరు చేయబడినది" అని తెలుగులో వచ్చింది. నమ్మకం కలగక అక్క ఫోన్‌లో కూడా పెట్టి చూశాను. దాంట్లోనూ మంజూరయ్యావు. ఇద్దరికి సరిపడా ఇల్లు చూపించాక బయల్దేరవచ్చని కింద ఉంది.

ఆ మర్నాడే నీ ఉత్తరం వచ్చింది, ఆఫీసరమ్మ అడుగుతోందని. నేను ఎయిర్‌పోర్టులో తిరిగి చూడలేదని ఆవిడకి ఎవరు చెప్పారా అని షాపులో కూర్చుని ఆలోచించాను. అర్థమయ్యాక ఆ రోజు ఇక పని చేయలేకపోయాను. ఇన్నాళ్ళూ ఆ మాట మనసులో పెట్టుకుని, ప్రతి ఆదివారం నన్ను తిన్నారా అని మాత్రమే అడిగావు.

నీ ఆఖరి ప్రశ్నకి జవాబు రాస్తున్నాను. వస్తాను. నువ్వు రమ్మన్నందుకు కాదు, నాకు రావాలని ఉంది. దరఖాస్తు పెడతానని నువ్వు అన్న రోజే, ఎంత తొందరగా అవుతుందని అడగబోయాను. అప్పటికే నీ మీద బోలెడు బరువుంది, తొందరపెట్టడం దేనికని "సరే" అన్నాను. ఆ "సరే"లో ఇదంతా ఉందని నీకు తెలుసనుకున్నాను. తెలియకపోవడం నా తప్పే.

భయం లేదని అనను. పని దొరికేవరకు కిటికీ దగ్గర కూర్చుని నువ్వు ఎప్పుడొస్తావా అని చూస్తుంటాను. ఇక్కడ చేస్తున్నదీ అదే. కాకపోతే అక్కడ సాయంత్రానికి నువ్వు వస్తావు. కార్డు మీద ఆధారపడిన వ్యక్తి అని వేస్తే వేయనీ. ఆ సంగతి మన వీధిలో అందరికీ ఎప్పుడో తెలుసు.

షాపు బావకి అప్పగించాను. పాస్‌పోర్టు మీద ముద్ర కూడా పడింది. వచ్చే నెల రెండో శుక్రవారం బయల్దేరుతున్నాను.

ఇట్లు,
వస్తున్నవాడు

తా.క.: కాగితం వచ్చిన రోజే ఫోన్‌లో ఎందుకు చెప్పలేదని నిలదీస్తావు. చెప్పేస్తే ఆఫీసరమ్మ అడగడం మానేస్తుంది. నువ్వేమో ఎనిమిదేళ్ళలో ఒక్కసారీ అడగలేదు.