ఇస్త్రీపెట్టె ఎందుకు విసిరానంటే

అన్నయ్యకు,

నీ తలకు కుట్లు పడ్డాయని వదిన ఫోన్లో ఏడ్చింది. నన్ను క్షమాపణ అడుగుతూ రాయమంది. అడగను.

నా కూతురికి పద్నాలుగేళ్ళు. దాని నడుముకు ఎనిమిదేళ్ళప్పటి కొలత సరిపోతోంది. తిండి మానేయడం పొగరు కాదు, జబ్బు అని డాక్టరమ్మ అన్న మాట నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాను. విన్నావా? "నాలుగు తగిలిస్తే అదే తింటుంది" అన్నావు. పిల్లను గోడకు అదిమి, దవడలు నొక్కి, గరిటెతో అన్నం కుక్కావు. పన్ను విరిగింది. మెతుకుల నిండా నెత్తురు. "మావయ్యా, ఊపిరాడట్లేదు" అని అది గింజుకుంటున్నా ఆగలేదు. కుట్టుమిషను పక్కనున్న ఇస్త్రీపెట్టె నా చేతికి దొరికింది. అది చల్లారి ఉండటం నీ అదృష్టం.

పిల్ల రమ్మనేదాకా మా గడప తొక్కకు.

నిన్న అరటిపండు సగం తింది. డాక్టరమ్మ చెప్పినట్టే నేను దానివైపు చూడకుండా, పక్కనే కూర్చుని బొత్తాలు కుట్టుకున్నాను. తినేముందు అది లేచి వెళ్ళి, తలుపు గడియ పడిందో లేదో లాగి చూసుకుంది. తిరిగొచ్చి కూర్చుంది. మళ్ళీ లేచి, ఇస్త్రీపెట్టె తెచ్చి నా చేతికందేలా పెట్టింది. అప్పుడు తొక్క ఒలిచింది.

నీ చెల్లెలు