పాదం మోపే ముందు

అక్టోబర్ 3, శుక్రవారం

కుడి బొటనవేలు మళ్ళీ వాచింది. టీ గ్లాసు జారిపోయింది. గల్ఫ్‌లో మసాజ్ చేసేవాడికి బొటనవేలు పోయిందంటే ఉద్యోగం పోయినట్టే.

మా మసాజ్ సెంటర్ మేనేజర్ నిసార్ అహ్మద్ గారు పిలిచారు. హవాయి మసాజ్ కోర్సు వస్తోందట. ముంజేతులతో, ఉత్తి పాదాలతో చేసేది. నగేష్ భాయ్, చేతులు ఖరాబైతే కాళ్ళున్నయి కదా, నేర్చుకో, పాసైతే వీసా రెన్యువల్, లేకుంటే ఖలాస్, ఊరికి పొయ్యి ఆరాంగ ఇంట్ల కూసో అన్నారు.

ఇంట్లో ఏముంది. జగిత్యాలలో తాళం వేసిన రెండు గదులు. నా భార్య స్వర్ణ మార్చిలో పోయింది. ఆ తాళం తీయాల్సి వస్తుందనే నా భయమంతా.

పేరు ఇచ్చాను.

అక్టోబర్ 5, ఆదివారం

క్లాస్ అల్ వుకైర్ బ్రాంచ్‌లో. హాలు మధ్య మందపాటి చాప. పైన, పట్టుకుని నిలబడడానికి చెక్క కడ్డీలు. మాస్టర్ పేరు రొమెల్. ఫిలిప్పీన్స్ మనిషి. హవాయిలో ఒక ముసలాయన ఇంట్లో ఉండి నేర్చుకున్నాడట. అక్కడ దీన్ని లోమీలోమీ అంటారట. ముందు చేయి ఆనించి ఊరుకోవాలి, ఇద్దరి శ్వాసా కలవాలి, మనసులో అనుమతి అడగాలి, ఆ తర్వాతే పని అన్నాడు.

ముంజేతి పని సులువుగానే వచ్చింది. నడుము నుంచి భుజం దాకా ఒకటే అల.

తర్వాత, చాప మీద బోర్లా పడుకున్న ఒకతని వీపు మీద కాలు పెట్టమన్నాడు. పెట్టాను. వెంటనే వంగి, పడుకున్న మనిషి వీపు తాకి, కళ్ళకద్దుకున్నాను. చేయాలనుకోలేదు. చెయ్యే వెళ్ళింది.

మళ్ళీ పెట్టాను. మళ్ళీ అద్దుకున్నాను. క్లాసంతా నవ్వింది.

అక్టోబర్ 6

కాలు తగిలితే కళ్ళకద్దుకోవాలని నాకు ఎవరు నేర్పారో గుర్తులేదు. పుస్తకానికి, చీపురుకి, మనిషికి.

అక్టోబర్ 10, శుక్రవారం

ప్రాక్టీసుకు ఒక ఒళ్ళు కావాలి. వెంకటప్పను పిలిచాను. కడప వైపు మనిషి, ముఐథర్‌లో తనకు వీసా ఇచ్చిన యజమాని, కఫీల్ ఇంట్లో డ్రైవర్. నాకన్నా బాగా పెద్ద. ఎప్పుడూ నడుం నొప్పి. వచ్చి చాప మీద బోర్లా పడుకున్నాడు. నేను కాలెత్తి నిలబడ్డాను. దించలేకపోయాను.

తొక్కప్పా, ఏం బయం, ఇన్నేండ్లుగా కఫీలూ ఆయన పిల్లోళ్ళూ తొక్కతానే ఉండారు, నువ్వొకడివి ఎక్కువా అన్నాడు.

దించాను. చేయి కళ్ళకు పోయింది. దించినప్పుడల్లా పోయింది. చివరికి ఆయన తల తిప్పి, ఈ లెక్కన నాకు గుడి కట్టించి హుండీ పెట్టేట్టుండావే, నా నడుం సంగతి చూడు సామీ అని విసుక్కున్నాడు.

చేతులతోనే పూర్తి చేశాను. బొటనవేలు సలిపింది. ఆయన లేచి నడుము అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఇట్లాంటి చెయ్యి ఇంట్లో ఉంటే మీ ఆయమ్మకు ఇంగేం కొదవప్పా అన్నాడు.

స్వర్ణ పోయిన సంగతి ఆయనకు తెలియదు. నేను చాప చుట్టాను.

అక్టోబర్ 11

కొదవే.

స్వర్ణ బీడీలు చుట్టేది. రోజంతా కాళ్ళు మడిచి కూర్చునేది. సాయంత్రానికి పిక్కలు రాయిలా బిగిసేవి. సెలవుకు వెళ్ళినప్పుడల్లా ఆమె పాదాలు పట్టుకోబోయేవాణ్ణి. లాక్కునేది. డిగ్రీ సదివినోనికి గీ బుద్ధేంది, మొగడు కాళ్ళు ముట్టుకుంటె నాకు పాపం తగల్తది, అంత దూలగుంటె దుబాయ్‌ల షేకుల కాళ్ళు వట్టుకో పో, పైసలన్న ఇస్తరు అనేది. గల్ఫంతా ఆమెకు దుబాయే. నవ్వుతూ పాదాలు కుచ్చిళ్ళ కింద దాచేసేది.

నేనూ నవ్వి ఊరుకునేవాణ్ణి. ఇంకోసారి అడగాల్సింది.

అక్టోబర్ 14, మంగళవారం

మాస్టర్ పక్కకు పిలిచాడు. నీ పాదం ప్రతిసారీ క్షమించమంటోంది, అవతలి ఒళ్ళు అది విని బిగుసుకుంటోంది అన్నాడు. శుక్రవారం టెస్ట్. తానే పడుకుంటాడట. పని మధ్యలో ఆపితే ఫెయిల్.

మా పద్ధతి ఏమిటో చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. తాకాక చేసేది ముందే చేస్తే ఏమవుతుంది అని అడిగాడు. అలా ఎవరూ చేయరు అన్నాను.

అక్టోబర్ 17, శుక్రవారం, మధ్యాహ్నం

మాస్టర్ పడుకున్నాడు. కాలెత్తకముందే వంగి, ఆయన వీపు తాకి, కళ్ళకద్దుకున్నాను. ఒక్కసారే. కడ్డీలు పట్టుకుని పాదం మోపాను. మెల్లగా బరువు వదిలాను. నడుము నుంచి భుజం దాకా, మళ్ళీ కిందికి. చేయి కడ్డీ వదల్లేదు. ఆయన శ్వాస నిదానించింది.

ఆఖరున ఆయన పాదాలు. అవి చేతులతో చేయాలి. పట్టుకున్నాను. లాక్కోలేదు.

స్వర్ణ కూడా ఒకసారి లాక్కోలేదు. నేను ఫ్లైట్ దిగి వెళ్ళేసరికి ఐస్ బాక్సులో ఉంది. కాళ్ళకు కట్టిన దారం వదులైందని వాళ్ళ చిన్నవ్వ చెప్తే, బొటనవేళ్ళు రెండూ కలిపి నేనే మళ్ళీ కట్టాను. మడమలు లోతుగా పగిలి ఉన్నాయి. అన్నేళ్ళ కాపురంలో అది నేను చూడనే లేదు.

అప్పుడు అడగకుండా పట్టుకున్నాను.

మాస్టర్ లేచి చేయి కలిపాడు. పాస్. నిసార్ గారు ఫోన్ చేసి, ముబారక్ భాయ్, ఇగ ఇంటికి పోవుడు మాఫీ అన్నారు. థాంక్స్ చెప్పాను.

అక్టోబర్ 18

స్నానం చేసి మంచం మీద కూర్చున్నాను. నా పాదం నేనే పట్టుకోబోయాను.

వెనక్కి లాక్కుంది.