ప్లగ్గు జొన్నపిండి డబ్బాలో ఉంది

బావా, బ్రేకులు పడని ఆ చిన్న మోటారు బండి మీద మామ మన హెప్సిని కూర్చోబెడతాడని నాకు ఒకటే భయం. అందుకే ప్లగ్గు ఊడదీసి జొన్నపిండి డబ్బాలో దాచినాను. నంద్యాల నుంచి కొత్త బ్రేకులు తెచ్చి బిగించినాకనే దాన్ని బయటికి తియ్యి. నీ చిన్నప్పటి బండిని పాపకిస్తానని మూడు ఆదివారాలు చర్చి ఎగ్గొట్టి రంగేసినావు, బ్రేకుల సంగతి మరిచినావు. చెప్పీ చెప్పీ నా నోరు నొస్తాంది. పాపను తీసుకొని ఆళ్లగడ్డకు పనికి పోతున్నాను.

"ప్లగ్గు యాడ పోయిందమ్మా? నా కొడుక్కు నేనే నేర్పిస్తి, వాని కూతురికీ నేనే నేర్పిస్తా" అన్నాడు మామ. తెలీదని అబద్ధమాడినాను.

పొద్దున్నుంచి ఆ బండినే తుడుస్తా కూర్చున్నాడు, సద్ది ముట్టలేదు. వస్తూనే ఆయన తిన్నాడో లేదో చూడు.