పద్నాలుగో రోజున ఏముందమ్మా?

అమ్మా,

నువ్వు నాకు అబద్ధం రాశావు. ఎనిమిది ఠావుల మీద, స్కేలు పెట్టి గీతలు గీసి, ఎర్ర పెన్సిలూ నీలం పెన్సిలూ వాడి మరీ రాశావు. ఈ మాట ముందు అనేసి నమస్కారం తరువాత పెడుతున్నాను, ఏమీ అనుకోకు. నమస్కారం ముందు పెడితే నా కోపం చల్లారిపోతుంది. ఈసారి చల్లారనివ్వదలచుకోలేదు.

ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. నువ్వు బాగున్నానని నీ ఉత్తరంలో మూడుసార్లు రాశావు. ఒక్కసారి రాసి ఉంటే నమ్మేదాన్ని.

అడిగినవాటికి వరసగా జవాబులు. మోకాలు పర్వాలేదు, మెట్లు దిగేటప్పుడు మాత్రం తిట్టుకుంటూ దిగుతున్నాను. కాలేజీలో సెలవు దొరికింది. "పందొమ్మిది రోజులు మీరు లేకపోతే మా మీటింగులు త్వరగా అయిపోతాయండీ" అంటూ ప్రిన్సిపాల్ నవ్వుతూ సంతకం పెట్టాడు. నడవడానికి మెత్తటి బూట్లు కొన్నాను. మీ అల్లుడు ఒక్కడూ ఉండగలడా అన్నావు. అదే మాట ఆయన్నడిగితే, "మీ అమ్మని నాక్కూడా ఓ టైంటేబుల్ వేసి పంపమను. పాలు ఎన్నింటికి కాచాలో, ఎన్నింటికి పొంగించాలో రాసిస్తే చాలు" అన్నాడు. ఆయన సంగతి అంతే.

ఇక చివర్లో "మన ప్రయాణం ప్లాను ఎలా ఉంది, తప్పులుంటే చెప్పు" అని అడిగావు. దానికి జవాబే ఈ ఉత్తరం.

ముందు మెచ్చుకోవలసినదాన్ని మెచ్చుకుంటాను. ముప్ఫై నాలుగేళ్ళు బస్సుల ఆఫీసులో టైంటేబుళ్ళు వేసిన చెయ్యి కదా, డెబ్భై మూడేళ్ళొచ్చినా తడబడలేదు. మొదటిరోజు విమానం దిగడం, పెట్టెలు అందుకోవడానికి నలభై నిమిషాలు. మూడోరోజు సరస్సు మీద పడవ, ఎండ మొహాన కొట్టకుండా ఎడమవైపు కూర్చోవాలని సూచన. అయిదోరోజు కొండమీద కోట, మూడువందల పన్నెండు మెట్లు, నా మోకాలి కోసం వెనకవైపు లిఫ్టు. తొమ్మిదోరోజు గాజు ఊదే కార్ఖానా, అక్కడ మరుగుదొడ్డి టికెట్ల గదికి ముందే ఉందని గుర్తు. కోటల్ని చూపిస్తారుగానీ ఆ రాళ్ళు మోసినవాళ్ళు ఎక్కడ పడుకున్నారో చూపించరని నేను దారి పొడుగునా సణుగుతానని నీకు తెలుసు. అందుకని ఏడోరోజున గనిపనివాళ్ళ మ్యూజియం పెట్టావు. లంచం అది. నేను లొంగిపోయాను కూడా.

ప్రతి ప్రయాణం తరువాతా ఊపిరి నిమిషాలు వదిలావు. మీ ఆఫీసులో ఆ మాట పుట్టించింది ఎవరో నాకు తెలుసు, దాని దగ్గరికి వస్తాను. బస్సు చివరి స్టాపుకి చేరాక డ్రైవరు దిగి, కాలు చాచి, ఒంటేలుకి వెళ్ళొచ్చి, టీ తాగడానికి ఇచ్చే పన్నెండు నిమిషాలు. పద్దెనిమిది రోజులకూ నువ్వు అవి మరిచిపోలేదు.

పద్నాలుగో రోజుకి మాత్రం లేవు. ఆ రోజుకి ఊరి పేరు కాక నువ్వు రాసిందంతా ఇదీ: "10.40 బస్సు దిగుట. ఊళ్ళో తిరుగుట. తిరుగు ప్రయాణం వీలును బట్టి."

వీలును బట్టి! జీవితంలో ఎప్పుడైనా ఆ మాట రాశావా నువ్వు? తమ్ముడి పెళ్ళి శుభలేఖలో "సాయంత్రం" అని అచ్చువేస్తే, సాయంత్రమంటే ఎన్నింటికి అని ప్రెస్సువాడితో పోట్లాడి మళ్ళీ వేయించినదానివి. బంధువులు వస్తామంటే ఏ బస్సుకి అని అడిగి, ఆ బస్సు రాదని చెప్పేదానివి. అలాంటి మనిషి దూరదేశంలో, భాష రాని ఊళ్ళో, వీలును బట్టి తిరిగొస్తుందట. ఎవరికి చెబుతావమ్మా?

మొదట ఆసుపత్రి అనుకున్నాను. నిజం చెబుతున్నాను, రెండురోజులు నాకు అన్నం సహించలేదు. ఏదో జబ్బు దాచిపెట్టి, ఊళ్ళు చూసే మిషతో వైద్యానికి వెళ్తున్నావనీ, తోడుకి నన్ను లాక్కుపోతున్నావనీ అనుమానం. ఆ ఊళ్ళో ఏముందో కనుక్కుందామని మా వీధి చివర టూర్ల ఆఫీసుకి వెళ్ళాను. అక్కడ కూర్చున్నాయన నీ ఠావు మీద ఊరి పేరు రెండుసార్లు చదివాడు.

"ఇక్కడ చూడ్డానికేం లేదండీ."

"పెద్ద ఆసుపత్రేమైనా ఉందా?"

"ఆసుపత్రికి కూడా వాళ్ళు పక్క పట్నానికే పోవాలి. బస్సుల డిపో ఉంది. హోటళ్ళ దుప్పట్లు ఉతికే లాండ్రీ ఒకటుంది. అంతేనండీ."

"మరి జనం ఎందుకెళ్తారు?"

"వెళ్ళరండీ."

"మా అమ్మ వెళ్తోంది."

ఆయన నా మొహంలోకి చూసి, కాగితం మడిచి ఇచ్చేశాడు. "అయితే అక్కడ మీవాళ్ళెవరో ఉండాలి. ఇరవయ్యేళ్ళుగా చూస్తున్నానండీ. చూడ్డానికి ఏమీ లేని ఊరికి మనిషి కోసమే పోతారు."

మనవాళ్ళెవరూ ఆ దేశంలో లేరు. ఉన్నారని నువ్వెప్పుడూ అనలేదు.

తరువాత కోటు. "అక్కడ చలి, నాకో ఉన్ని కోటు కొను, అన్నిటికన్నా పెద్ద సైజుది, చేతులు పొడుగ్గా ఉండాలి, లోపల ఇంకో రెండు వేసుకుంటాను కదా" అని రాశావు. సరేనని కొట్టుకి వెళ్ళాను. కొట్టామె కోటు విప్పి బల్లమీద పరిచి, "ఎవరికండీ?" అంది.

"మా అమ్మకి."

"ఆవిడెంత పొడుగు?"

చెయ్యి నా భుజం దగ్గర పెట్టి చూపించాను.

"అయ్యో, ఇందులో ఇద్దరమ్మలు పడతారండీ. మూడో ఆవిడ కూడా కాస్త సర్దుకోవచ్చు."

నవ్వాను. నవ్వుతూ ఆ కోటు చేతులు పట్టుకుని చూశాను. అంత పొడుగు చేతులున్న ఆడమనిషిని నా జన్మలో ఒక్కర్తెనే చూశాను. మన ఇంటి గుమ్మం దగ్గర తల వంచి లోపలికొచ్చేది. నేనూ తమ్ముడూ పొడుగు పిన్ని అని పిలిస్తే, "పొట్టి అక్క ఉందా ఇంట్లో?" అని నిన్ను వెక్కిరించేది. మీ ఆఫీసులో నీ పక్క బల్ల ఆమెది. ఊపిరి నిమిషాలన్న మాట పుట్టించిందీ ఆమే.

కాబట్టి చెప్పు. పద్నాలుగో రోజున మనం పొడుగు పిన్ని ఇంటికి వెళ్తున్నాం. అవునా, కాదా? పదమూడు రోజులు నన్ను పడవలెక్కించి, కోటలు చూపించి, మ్యూజియంతో నోరు తీపి చేసి, పద్నాలుగో రోజు ఏమీ తెలియనిదాన్ని తీసుకెళ్ళి ఆమె గుమ్మంలో నిలబెట్టాలని నీ ఎత్తు. నేను పక్కనుంటే ఆమె నీ మీద కేకలెయ్యదనా? లేక నా ముందు చెప్పేస్తే ఇంటికొచ్చి విడిగా మళ్ళీ నాకు చెప్పే పని తప్పుతుందనా? ఈ రెండో అనుమానమే నాకు బలంగా ఉంది.

చెప్పాల్సినదాన్ని నువ్వు ముప్ఫై అయిదేళ్ళుగా దాచావు. నాకు పదహారేళ్ళప్పుడు మీ పైఅధికారులు ఊపిరి నిమిషాలన్నీ కోసేశారు. పన్నెండు నిమిషాలు రెండైపోయాయి. డ్రైవర్లు సీటులోనే కూర్చుని కడుపులు బిగబట్టుకుని మళ్ళీ బండి తిప్పాలి. ఆ కొత్త టైంటేబుల్ వెయ్యనని పొడుగు పిన్ని పెన్సిలు కింద పెట్టేసింది. డ్రైవర్లు సమ్మె కట్టారు. వేసిన కాగితాలు పిన్ని చించేసిందని నేరం మోపారు. అవునని సాక్ష్యం సంతకం పెట్టమని నిన్ను పిలిచారు. నువ్వు పెట్టలేదు. పిన్ని ఉద్యోగం పోయింది, కొన్నేళ్ళకి దేశమే వదిలిపోయింది.

ఇది నాకు తెలిసిన కథ. పదహారేళ్ళ పిల్లగా నేను, "సంతకం పెట్టావా అమ్మా?" అనడిగితే, "అలాంటి కాగితాల మీద మేం సంతకాలు పెడతామా!" అన్నావు. ఆ ఒక్క మాట పట్టుకుని నేను మనిషినయ్యాను. నా మొదటి వ్యాసం నీ గురించే. మొదటి పుస్తకం మొదటి అధ్యాయం నువ్వే. ఎన్ని సభల్లో చెప్పానో! "భయపడ్డవాళ్ళ ఆఫీసులో భయపడని ఓ గుమాస్తా ఉండేది, ఆవిడ మా అమ్మ" అనగానే చప్పట్లు. మొదటి సభకి నువ్వొచ్చి ముందు వరసలో కూర్చున్నావు. తరువాత ఎన్నిసార్లు పిలిచినా ఎండ అన్నావు, జలుబు అన్నావు. నీకు గొప్పలు గిట్టవని అదీ వ్యాసంలో రాసేశాను.

అమ్మా, ఇక్కడిదాకా నీ మీద నేరాలు మోపాను. ఇప్పుడు నాది.

నాకు తెలుసు. పన్నెండేళ్ళుగా తెలుసు.

రెండో ముద్రణకి పాత కాగితాలు కావాలని యూనియన్ పాత సెక్రటరీ ఇంటికి వెళ్ళాను. ఆయన ఫైలు చేతిలో పెట్టి, ఎదురుగా కూర్చుని పల్లీలు ఒలుచుకుంటున్నాడు. నాలుగో కాగితం నీది. "ఆమె ఒక్కతే చించినది, నాకు సంబంధం లేదు." కింద నీ సంతకం. ఫోర్జరీ అనుకుందామంటే, సంతకం పక్కన టైం వేసుంది. 4.10. మీ సెక్షన్లో సంతకం పక్కన టైం వెయ్యని కాగితం కదలదని నువ్వే చెప్పేదానివి. ఆ దిక్కుమాలిన కాగితం మీద కూడా అలవాటుకొద్దీ టైం వేశావు.

"చూశావా?" అన్నాడాయన.

"చూశాను."

"ఏం చేస్తావు మరి?"

"ఏం చెయ్యాలంటారు?"

"నన్నడుగుతావేమమ్మా? ఊరందరికీ ఏం చెయ్యాలో చెప్పేది నువ్వు కదా!"

ఏం చేశానో విను. ఆ కాగితం అడిగి తెచ్చుకుని, పాత పరీక్ష పేపర్ల కట్టలో పెట్టి తాడు కట్టేశాను. రెండో ముద్రణ వేశాను. మూడోదీ వేశాను. ఆ అధ్యాయంలో ఒక్క అక్షరం మార్చలేదు. యాజమాన్యాలు దీన్ని ఎగరేసుకుంటూ తిరుగుతాయి, ఉద్యమానికి దెబ్బ, అసలు ఒక్క గుమాస్తా భయం ఏపాటిది అని నాకు నేనే వాదన చెప్పుకున్నాను. నాకు వాదనలకెప్పుడూ లోటు లేదు. కానీ నిజమేమిటంటే, చప్పట్లు కొట్టించుకున్న నోటితో ఆ మాట చెప్పలేకపోయాను. నువ్వు ఒక్కసారి భయపడి సంతకం పెట్టావు. నేను ఏ భయమూ లేనిదానిలా పన్నెండేళ్ళు దాన్ని అచ్చువేశాను. ఇద్దరిలో ఎవరిది పెద్ద తప్పో తూచడానికి నాకు తక్కెడ అక్కర్లేదు.

నువ్వెందుకు పెట్టావో నేను అడగను. నాన్న పోయి ఏడాది, ఇద్దరు పిల్లలు. ఆ కాగితం టైపు కొట్టించి, తలుపు వేసి, నీ చేతికి కలమిచ్చినవాడి మీద నా కోపం ఇప్పటికీ అలాగే ఉంది. ఒకే గదిలో పక్కపక్క బల్లల దగ్గర కూర్చునే ఇద్దరాడవాళ్ళలో ఒకర్తె అన్నంతో ఇంకొకర్తె మెడ కోయించడం వాళ్ళ పద్ధతి. ఆ పద్ధతి గురించి రాయాల్సింది నేను. అది మాని నీ బొమ్మ చేసి ఊరేగించాను. నీకు నిజం చెప్పే దారి మూసేసింది ఆ కాగితం ఒక్కటే కాదు, నా పుస్తకం కూడా. ముందు వరసలో కూర్చుని ఆ చప్పట్లు నువ్వెలా విన్నావో తలుచుకుంటే నాకిప్పుడు సిగ్గేస్తోంది.

నాలుగో ముద్రణ ప్రెస్సులో ఉంది. నిన్న వెళ్ళి ఆపమన్నాను. పబ్లిషరు, "ఇప్పుడా!" అని నెత్తి పట్టుకున్నాడు. మొదటి అధ్యాయం మళ్ళీ రాస్తానన్నాను. నువ్వు ఒప్పుకోకుండా రాయను. కానీ పాతది మాత్రం మళ్ళీ వెయ్యను, నువ్వు ఏడ్చినా సరే.

ఈ ప్రయాణానికి నేను వస్తాను. అయితే నాకు కొన్ని కావాలి. బతిమాలడం కాదు, అడుగుతున్నాను.

ఒకటి. పద్నాలుగో రోజు గడిలో పొడుగు పిన్ని పేరు రాసి, ఆ ఠావు మళ్ళీ పంపు.

రెండు. మనం వస్తున్నామని ఆమెకి ముందుగా ఉత్తరం రాయి. రానిస్తుందో లేదో చెప్పే హక్కు ఆమెది. చెప్పకుండా వెళ్ళి ముసలిమనిషి గుమ్మంలో నిలబడటం దౌర్జన్యం.

మూడు. ఆ ఉత్తరంలో సంతకం సంగతి ఉండాలి. నా పుస్తకం సంగతి నేను వేరే రాస్తాను, నువ్వు నా తరఫున ఒక్క ముక్క రాయొద్దు.

నాలుగు. "పిల్లల కోసం పెట్టాను" అని ఆమె ముందు అనకు. ఆమెకీ ఒక పిల్ల ఉంది.

అయిదు. ఆమె తిడితే తిట్టనీ. నేను వాదనకి దిగితే నా చెయ్యి గిల్లు.

ఆరు. క్షమించమని అడగడానికి వెళ్తున్నాం, క్షమించిందని అనిపించుకోవడానికి కాదు. ఆ తేడా దారిలో ఇద్దరం మాట్లాడుకోవాలి.

ఏడు. రావొద్దని ఆమె రాస్తే, ఆ ఊరి బస్సు ఎక్కం.

ఇట్లు,
నిన్ను చదవకుండానే నీ గురించి రాసిన
నీ పెద్దకూతురు