తుప్పు మీద రేకు

మంగళవారం, టెక్కలి

ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది. ఈరోజు మూలపేట బస్సు మా వెల్డింగు షెడ్డుకొచ్చింది. రోజూ చేపల గంపల్లోంచి ఉప్పునీళ్లు కారి కారి, బస్సు నేల కింది ఫ్రేమును తుప్పు తినేసింది. సుత్తితో తడితే పెచ్చులుగా రాలింది. కోసి కొత్త ఇనుము వెయ్యాలన్నాను.

"పైన రేకేసి రంగు కొట్టీ బావా, ఎవుడు సూత్తాడు?" అన్నాడు బస్సు ఓనరు.

"జనం కూకుంటారు దానిమీద! నాను సెయ్యను," అని అరిచాను.

"మరి నిరుడు నువ్వేటి సేసినావు?" అని నవ్వాడు.

బస్సు కిందకి ఇంకా లోపలికి దూరి చూశాను. తుప్పు మీద పాత రేకు. ఆ వెల్డింగు నాదే. ఎవరు చూస్తారులే అని ఆనాడు నేనూ అనుకున్నాను.

కట్టరు అందుకుని ఆ రేకునీ, కింది తుప్పు ముక్కనీ కోసి పారేశాను. ఇప్పుడెలా తోలుకెళ్తాడో చూస్తాను.